ముత్యమ్మ హోటల్‌లో రూములు

మా హోటల్ బోర్డు తీసేశారు. తీసినవాళ్ళది తప్పు. ఇందులో చర్చించడానికి ఏమీ లేదు. జరిగింది చెబుతాను, అంతే.

నీలం రంగు రేకు మీద తెల్ల అక్షరాలు: ‘ముత్యమ్మ హోటల్’. ఇస్నాపూర్‌లో హైవే దిగి కంపెనీల వైపు వెళ్ళే సందు మొదట్లో ఉండేది. పెయింటర్ ఫజలుద్దీన్ రాశాడు. ముందు ‘హోటల్’ పెద్దగా, ‘ముత్యమ్మ’ చిన్నగా రాశాడు. ముత్యమ్మ ఒప్పుకోలేదు. “హోటళ్ళు ఊరంత ఉన్నయి. ముత్యమ్మలు ఎందరున్నరు? నా పేరు పెద్దగ రాయి” అని తుడిపించి మళ్ళీ రాయించింది.

ముత్యమ్మ నా భార్య. హోటల్ ఆమెది. నేను గ్లాసులు కడిగేవాణ్ణి. ఇప్పుడు ఆమె లేదు. గ్లాసులు ఇంకా నేనే కడుగుతున్నాను, టీ కూడా నేనే పెడుతున్నాను. టీ మునుపటిలా లేదని తాగేవాళ్ళు అంటారు. నిజమే. తాగడం మాత్రం మానలేదు.

ఇంగ్లిషుతో నాకు పాత పగ ఉంది. అది ముందే చెప్పడం మంచిది. నేను ఇంద్రేశం బడిలో ఏడో తరగతి దాకా చదివాను. ముత్యమ్మను ఆస్పత్రిలో చేర్చినప్పుడు డాక్టరు రోజూ వచ్చి ‘స్టేబుల్’ అనేవాడు. స్టేబుల్ అంటే కోలుకుంటోందని మేమనుకున్నాం. చుట్టాలకు ఫోన్ చేసి అదే చెప్పాను. వాళ్ళు సంతోషించి రావడం మానేశారు. ఆమె స్టేబుల్‌గానే పోయింది. ఆ మాటకు అసలు అర్థం ఏమిటని నేను ఎవరినీ అడగలేదు. మాటలకు అర్థాలు అడిగే పని తర్వాత వేరేవాళ్ళు పెట్టుకున్నారు.

ఇంద్రేశం దారిలో తుషార వ్యాలీ హైట్స్ అని ఒక కాలనీ లేచింది. వ్యాలీ అంటే లోయ. హైట్స్ అంటే ఎత్తులు. రెండూ ఒకే గేటు లోపల ఉన్నాయి. మా చిన్నప్పుడు అది చెరువు శిఖం. వానలు పడితే నీళ్ళు నిలిచేవి, బర్రెలు దిగేవి. ఇప్పుడూ నీళ్ళు నిలుస్తాయి. దాన్ని లేక్ వ్యూ అంటున్నారు. బర్రెలను రానివ్వడం లేదు.

అందులో సూర్యప్రకాశరావు గారు ఒక ఇల్లు కొన్నారు. ఏదో పెద్ద ఆఫీసులో పెద్ద హోదాలో రిటైరైన మనిషి. హోదా ఏమిటో గేటు మీద రాతి పలకలో చెక్కించారు గానీ, చదవడం పూర్తయ్యేలోగా కుక్క మొరుగుతుంది. గృహప్రవేశానికి రెండు కార్ల నిండా చుట్టాలు దిగారు. ఇల్లు చాలలేదు. ఆయన ఫోన్ తీసి దగ్గరలో హోటల్ ఎక్కడుందో వెతికారు. ముత్యమ్మ హోటల్ అని వచ్చింది. పక్కన ఐదు నక్షత్రాలు కూడా ఉన్నాయి. ఆ నక్షత్రాలు ఇచ్చింది ఆటో నదీమ్. ముత్యమ్మ అతని టీలో చక్కెర ఎక్కువ వేసేది, అందుకు. ఐదు నక్షత్రాల హోటల్ ఇంత దగ్గరలో ఉన్నందుకు సూర్యప్రకాశరావు గారు పొంగిపోయి, సూట్‌కేసులతో సహా అందరినీ తీసుకుని మా బెంచీల ముందు దిగారు.

“రిసెప్షన్ ఎక్కడ?” అని అడిగారు.

“ఎవలదో తెల్వదు సార్. ఫంక్షన్ హాల్ ముంగట్నే ఉంది, ఆడ అడుగుండ్రి” అన్నాను.

“రూములయ్యా, రూములు!”

“రూములెక్కడియి సార్? ఇది హోటల్.”

ఆయన బోర్డును చూశారు. నన్ను చూశారు. మళ్ళీ బోర్డును చూశారు. “హోటల్ అని రాసి రూములు లేవంటావా?”

“పండుకునేది లాడ్జి సార్. తినేది హోటల్.”

టీ తాగుతున్నవాళ్ళందరూ అవునన్నారు. పాలు పోయడానికి వచ్చినవాడు కూడా అవునన్నాడు. ఒక మాటకు పదిమంది ఒకే అర్థం చెబితే దాన్ని భాష అంటారని నేను అనుకునేవాణ్ణి. అది సామూహిక అజ్ఞానమని సూర్యప్రకాశరావు గారు నిలబడిన చోటే తేల్చి చెప్పారు. ఆయన అత్తగారు మాత్రం సూట్‌కేసు మీద కూర్చుని రెండు టీలు తాగి, బాగుందన్నారు. ఆమెను తర్వాత కమిటీలోకి తీసుకోలేదు.

ఆయన పెట్టిన కమిటీ పేరు ‘ఆంగ్ల పదార్థ పరిరక్షణ సమితి’. పేరులో పదార్థం ఉండేసరికి కొత్త కెమికల్ కంపెనీ అనుకుని చాలామంది ఉద్యోగాలకు దరఖాస్తు పెట్టుకున్నారు. సమితి ఆఫీసును ఇస్నాపూర్‌లోనే ఒక షట్టర్‌లో తెరిచారు. ప్రారంభానికి ఒక పెద్ద ఇంగ్లిషు-తెలుగు డిక్షనరీని ఓపెన్ టాప్ జీపులో ఊరేగించారు. దానికి పసుపు పెట్టారు, కుంకుమ పెట్టారు, శాలువా కప్పారు. డప్పులు కొట్టేవాళ్ళు లోపల ఎవరి ఫొటో ఉందని అడిగారు. ఫొటో లేదంటే వాళ్ళకు నమ్మకం కుదరలేదు.

జీపు ముందు నిలబడి చెయ్యి ఊపినవారు యువ నాయకుడు జైపాల్ గారు. ఆయనకు యాభై దాటింది. మా దగ్గర పదవి వచ్చేదాకా వయసు కదలదు.

సూర్యప్రకాశరావు గారు ఇలా ప్రసంగించారు: “సోదర సోదరీమణులారా! ఒక మాటకు ఒకే అర్థం ఉన్న సమాజమే నాగరిక సమాజం. మన ప్రాంతంలో దగ్గర దగ్గరగా వినిపించే మాటలను కలిపేసి మాట్లాడుతున్నారు. ఇది శోచనీయం. కోట్ అంటే తొడుక్కునేది. కాట్ అంటే పడుకునేది. కోర్ట్ అంటే న్యాయం దొరికేది.” మొదటి రెండింటికీ జనం తలలూపారు. మూడోదానికి నవ్వారు. ఆయన నవ్వును ప్రశంసగా స్వీకరించి మంచినీళ్ళు తాగారు.

జైపాల్ గారు క్లుప్తంగా మాట్లాడారు. “ఇగ సూడుండ్రి. డిక్షనరీ అంటే ఏంది? మాటలకు ఆధార్ కార్డు. ఆధార్ లేని మాట ఇస్నాపూర్ల తిరగొద్దు. ఎవలన్న తప్పు మాట మాట్లాడి పరేషానయితే నాకు ఫోన్ కొట్టుండ్రి. నేనున్న.”

అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన ఉన్నారన్న సంగతిలో ఎవరికీ ఎప్పుడూ అనుమానం లేదు.

నియమం సులువు. రోడ్డు మీద ఎవరైనా ఇంగ్లిషు మాటను డిక్షనరీలో లేని అర్థంతో వాడితే, సమితి ఆఫీసుకు వచ్చి డిక్షనరీ ముందు నిలబడి ఒక పేజీ పైకి చదవాలి. ఆఫీసులో ఏసీ ఉంది. బీహార్ నుంచి వచ్చిన కార్మికులు ఇది తెలుసుకుని, షిఫ్టు దిగగానే గేటు దగ్గర కావాలని నాలుగు తప్పులు మాట్లాడి వరసలో నిలబడేవారు. సాహిత్యం మీద శ్రామికులకు పెరిగిన ఆసక్తి గురించి సమితి ఒక ప్రకటన విడుదల చేసింది.

సంస్కరణలు మెస్సుతో మొదలయ్యాయి. డిక్షనరీలో మెస్ అంటే గందరగోళం అని కూడా ఉంది. సమితి సభ్యులు కంపెనీ సందులోని మెస్సుకు వెళ్ళి, సాంబారు చూసి, గిన్నెలు చూసి, బోర్డు సరిగ్గానే ఉందని ధ్రువీకరించి వచ్చారు.

తర్వాత ఆటోలు. మా దగ్గర ఆటో ఫుల్ అయిందంటే ఇంకా నలుగురు పడతారని అర్థం. డ్రైవరు పక్కన ఇద్దరు, వెనక వేలాడేవాళ్ళు ఇద్దరు. ఫుల్ అంటే ఫుల్ అని సమితి నదీమ్‌ను చదివించింది. మర్నాడు నదీమ్ సీట్లు నిండగానే ఫుల్ అని వెళ్ళిపోయాడు. మిగతా ఆటోలూ అదే చేశాయి. మొదటి షిఫ్టుకు సగంమంది నడిచి వచ్చారు. గేట్లు మూసేశారు. నదీమ్ సాయంత్రం వచ్చి టీ తాగుతూ, “మొత్తం పటాన్‌చెరు రోడ్డు పైదల్ నడ్శింది చాచా. పది మంది నా ఖాన్‌దాన్ మొత్తాన్ని తిట్టిర్రు. అందరు కరెక్ట్ మాటలే తిట్టిర్రు, ఒక్కడు గుడ తప్పు మాట్లాడలే” అన్నాడు.

‘ఆన్ ది వే’ మీద నిషేధం ఇంకా లోతుగా తగిలింది. ఇంట్లో తువ్వాలు చుట్టుకుని నిలబడి ఆన్ ది వే అనడం మా దగ్గర మర్యాద. అవతలివాళ్ళ మనసు నొప్పించకుండా చెప్పే పద్ధతి అది. ఇప్పుడు అందరూ నిజం చెప్పవలసి వచ్చింది. రెండు పెళ్ళిచూపులు చెడిపోయాయి. ఒక పంచాయితీ మొదలే కాలేదు.

కుర్రకారు మాటల కోసం సమితి ప్రత్యేక విభాగం పెట్టింది. పని చెడితే బిస్కెట్ అయిందంటారు, పట్టించుకోవద్దంటే లైట్ తీస్కోమంటారు. పొగిడితే సోపు వేస్తున్నావంటారు. సోపు అంటే ఒళ్ళు రుద్దుకునేది మాత్రమే అని సమితి తీర్మానించింది. ఆ తీర్మానం గొప్పదని జైపాల్ గారితో గంటసేపు అన్నవాళ్ళున్నారు. వాళ్ళు చేస్తున్న పనికి మాట లేకుండా పోయింది. పని మాత్రం ఆగలేదు.

లీవ్, లివ్ అన్న రెండు మాటల విషయంలో కంపెనీలు కూడా సమితికి సహకరించాయి. ఒడిశా నుంచి వచ్చిన ఒక హెల్పరు రెండు రోజుల లీవ్ అడగబోయి లివ్ అన్నాడు. అతను రెండు రోజులు బతకడానికి అనుమతి కోరుతున్నాడని, అంత పెద్ద అనుమతి ఇచ్చే అధికారం తనకు లేదని సూపర్‌వైజరు తిరస్కరించాడు. చెల్లెలి పెళ్ళి అతను ఫోన్లో చూశాడు.

ఇలా అంతా సవ్యంగా నడుస్తుండగా బాలరాజ్ వచ్చాడు.

బాలరాజ్ పైపుల కంపెనీలో టెంపరరీ. అతను చేరిన ఏడాది పుట్టిన కూతురు ఇంద్రజ ఇప్పుడు సంగారెడ్డిలో డిగ్రీ చదువుతోంది. రోజూ డ్యూటీకి ముందు మా దగ్గర టీ తాగుతాడు. ముత్యమ్మ ఉన్నప్పుడు అతని గ్లాసు విడిగా పెట్టేది. అతన్ని ‘డ్యూటీకి పోతున్న’ అన్నందుకు పట్టుకున్నారు. డ్యూటీ అంటే కర్తవ్యమనీ, అతను చేసేది వట్టి పని అనీ చెప్పి డిక్షనరీ ముందు నిలబెట్టారు. తెరిచిన పేజీ చదువుతూ చదువుతూ బాలరాజ్ ఒక చోట ఆగాడు.

“సార్, గిది సూడుండ్రి. టెంపరరీ అంటే కొద్దికాలం మాత్రమే ఉండేది అని రాసింది.”

“సరిగ్గానే ఉందిగా!” అన్నారు సూర్యప్రకాశరావు గారు.

“మరి మా కంపెనోళ్ళు తప్పు మాట్లాడుతున్నరు సార్. నా బిడ్డ పుట్టిన కాడికెల్లి నన్ను టెంపరరీ అంటున్నరు. జెర దిద్దుండ్రి.”

సమితి లోపలి గదిలో సమావేశమైంది. బయటికి వచ్చి తీర్మానం చదివింది: సమితి పరిధి రోడ్డు మీది మాటల వరకే. గేటు లోపలి మాటలకు ఆయా యాజమాన్యాలే డిక్షనరీ. కాలువలో పారే ఎర్రనీళ్ళను ట్రీటెడ్ వాటర్ అనడం గురించి ఎవరో వెనక నుంచి అడగబోతే, దానికీ ఇదే తీర్మానం వర్తిస్తుందన్నారు. వ్యాలీ హైట్స్ గురించి నేను అడుగుదామనుకున్నాను. దానికీ గేటు ఉంది.

బాలరాజ్ మొండివాడు. ఆ పేజీని ఫోన్లో ఫొటో తీసుకుని కంపెనీ ఆఫీసుకే వెళ్ళాడు. అక్కడివాళ్ళు మర్యాదస్తులు. ఫొటో చూసి, ఇన్నేళ్ళుగా జరిగిన పొరపాటును ఒప్పుకున్నారు. టెంపరరీ అంటే కొద్దికాలమే ఉండాలి కాబట్టి మర్నాటి నుంచి రావద్దన్నారు. మా ప్రాంతంలో ఒక మాట, దాని అర్థం పూర్తిగా కలిసింది ఆ రోజే. సమితి దీన్ని తన తొలి విజయంగా ప్రకటించి స్వీట్లు పంచింది. బాలరాజ్‌కు కూడా ఒకటి పెట్టారు. తిన్నాడు.

ఆ విజయం తర్వాత సమితికి మా బోర్డు గుర్తొచ్చింది. సూర్యప్రకాశరావు గారు స్వయంగా వచ్చారు. హోటల్ అన్న మాట తుడవాలి, లేదా రూములు చూపించాలి. రెండింటిలో ఒకటి. లేకపోతే బోర్డు దించుతారు.

“టీ స్టాల్ అని రాస్కో చాచా. కథ ఖతం” అన్నాడు నదీమ్.

చిన్న పనే. కాని ఫజలుద్దీన్ ఇప్పుడు బ్రష్ పట్టడం లేదు. ఫ్లెక్సీలు వచ్చాక అతన్ని పిలిచేవాళ్ళు లేరు, చేతికి వణుకు కూడా వచ్చింది. ఇంకొకడు ఎవడో వచ్చి సగం తుడిచి సగం రాస్తే ముత్యమ్మ పేరు పక్కన వాడి చెయ్యి ఉంటుంది. ఆమె పేరు ఆధార్ కార్డు మీద ఉంది, ఆస్పత్రి కాగితం మీద ఉంది, ఈ రేకు మీద ఉంది. మొదటి రెండూ ఆమె రాయించుకున్నవి కావు. ఆమె పేరు పక్కన ఏ మాట ఉండాలో ఆమె చెప్పి రాయించింది. అది మార్చను. రూములు పెడతాను అన్నాను.

“నీకు పిచ్చా చాచా?” అన్నాడు నదీమ్. తర్వాత తన ఆటోలోనే రెండు నవారు మంచాలు తెచ్చి దించాడు.

పప్పు బస్తాలు జరిపి, టార్పాలిన్ అడ్డం కట్టి, మంచాలు వేశాను. రూములు తయారు. ఇస్నాపూర్‌లో మంచం చల్లబడదు. పగటి షిఫ్టువాడు లేచేసరికి రాత్రి షిఫ్టువాడు చెప్పులు విప్పుతుంటాడు. మా రెండు మంచాలూ ఆ పూటే నిండాయి. ఒకడు లేస్తే ఇంకొకడు, వాడు లేస్తే మరొకడు. దిండు మీద ఎవరి నూనె ఎవరిదో తెలిసేది కాదు.

సమితి తనిఖీకి వచ్చింది. ఒక మంచం మీద లీవ్ దొరకని ఆ ఒడిశా హెల్పరు నోరు తెరిచి నిద్రపోతున్నాడు. సూర్యప్రకాశరావు గారు అతని చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి ప్రశ్నలు మొదలుపెట్టారు.

“చెక్ అవుట్ టైమ్ ఎప్పుడు?”

“సైరన్ కొట్టినప్పుడు సార్.”

“రూమ్ సర్వీస్ ఉందా?”

“లేపుతం సార్.”

“అటాచ్డ్ బాత్రూమ్?”

“కంపెనీల ఉంటది సార్.”

ఆయన డిక్షనరీ తెరిచారు. హోటల్ అంటే బయటి ఊళ్ళవారికి బస, భోజనం ఇచ్చే స్థలం అని ఉంది. పడుకున్నవాడు బయటి ఊరివాడే. పొయ్యి మీద ఇడ్లీ ఉడుకుతోంది. బాత్రూమ్ గురించి డిక్షనరీ ఏమీ అనలేదు. ఆయన డిక్షనరీ మూసి నా చెయ్యి పట్టుకుని ఊపారు.

“నర్సన్న గారూ! మీరు తలవంచి మాటను మార్చలేదు. మాటకు తగినట్టు మీరు మారారు. ఇదీ సంస్కారమంటే!”

బోర్డు నిలిచింది. నేను గెలిచాను. గెలిచినవాణ్ణి సన్మానించకుండా వదలకూడదని జైపాల్ గారు పట్టుబట్టారు. అక్కడే నాకు అర్థం కావలసింది. కాలేదు.

హోటల్‌కు అధికారికంగా ప్రారంభోత్సవం చేస్తామన్నారు. రోజు కూడా ఆయనే నిర్ణయించారు. అది ఆయన పుట్టినరోజు. “అక్క ఫొటో ఒకటియ్యి నర్సన్నా, ఫ్లెక్సీ ఏయిస్త” అన్నారు. ముత్యమ్మది మంచి ఫొటో ఒక్కటే ఉంది. బోనాలనాడు చేతులు జోడించి నవ్వుతుంటే తీసినది. ఆమె పేరుతో ఫ్లెక్సీ అన్నారు కదా అని ఇచ్చాను.

ప్రారంభం రోజు పొద్దున సరుకుల కోసం పటాన్‌చెరు మార్కెట్టుకు వెళ్ళి వచ్చేసరికి హోటల్ కనిపించలేదు. హోటల్ ఉండవలసిన చోట జైపాల్ గారు ఉన్నారు. తలుపంత మనిషి, నల్లకళ్ళజోడు, చేతిలో ఫోను. ఆయన తల పైన పెద్ద నాయకులు, వాళ్ళ పైన ఇంకా పెద్ద నాయకులు. ఒక పక్క సూర్యప్రకాశరావు గారు డిక్షనరీతో. అడుగున తపాలా బిళ్ళల్లా వరసలు వరసలుగా ముఖాలు. ఆ వరసల మీద ‘మా ప్రియతమ యువ నాయకునికి జన్మదిన శుభాకాంక్షలు తెలుపుతున్నవారు’ అని ఉంది. చివరి వరసలో, గుట్కా షాపు అతనికీ చిట్టీల ఆయనకూ మధ్య, చేతులు జోడించి ముత్యమ్మ. కింద ‘ముత్యమ్మక్క, మహిళా విభాగం’ అని రాశారు.

హోటల్ అన్న మాట కోసం వెతికాను. అంత గొడవ చేసిన మాట కదా, ఎక్కడో ఉంటుందనుకున్నాను. అడుగున ‘స్థలం’ అని ఉన్న చోట చీమంత అక్షరాల్లో దొరికింది.

జైపాల్ గారు కేకు కోయడానికి వచ్చినప్పుడు అడిగాను. “జైపాలన్నా, ఆమె చచ్చిపోయిన మనిషి.”

“తెల్వదా నాకు? గందుకే నవ్వు మొకం పెట్టిచ్చిన.”

“చచ్చిన మనిషి నీ పుట్టినరోజుకు శుభాకాంక్షలెట్ల చెప్తది?”

“బతికున్నప్పుడు చెప్పేది కాదా?”

“ఎప్పుడు చెప్పలే.”

“మరి ఇప్పుడు చెప్పింది గదా! ఖుష్ గావాలె గని” అని నా నోటికి కేకు పెట్టారు. ఫొటో తీశారు. అందులో నేను నోరు మూసుకుని ఉన్నాను, కేకు మీసాలకు అంటింది.

“మా బోర్డేది?” అన్నాను.

“ఆడనే ఉంటది. ఫ్లెక్సీకి అడ్డమొచ్చిందని పోరగాళ్ళు పక్కకు పెట్టిర్రు.”

పక్కన లేదు. వెనక లేదు. పాత ఇనుప సామాను కొట్లలో అడిగాను, లేదు. బోర్డును ఎవరూ పగతో తీయలేదు. సన్మానించడానికి తీశారు. ఇంత మర్యాదగా ఒక మనిషి పేరు తుడిచెయ్యడం నేను ఇంకెక్కడా చూడలేదు.

ముత్యమ్మ ఫ్లెక్సీలో చాలాకాలం వేలాడింది. టీ తాగేవాళ్ళు చూసి అక్క మస్తుగున్నదనేవారు. ఒకాయన వచ్చి ముత్యమ్మక్క ఏ వార్డు నుంచి నిలబడుతోందని అడిగాడు. నేను టీ అందించాను. గాలివానకు ఫ్లెక్సీ చిరిగితే ఒడిశా హెల్పరు పైకప్పు పోయిన తన గది మీద కప్పుకుంటానని అడిగి తీసుకుపోయాడు. జైపాల్ గారి మొహం కిందికి వచ్చేలా కప్పాడట. పడుకుంటే పైనుంచి ఆయనే కనిపిస్తున్నారని తర్వాత తిరగేశాడు.

సమితి వార్షికోత్సవం వచ్చింది. వ్యాలీ హైట్స్ క్లబ్ హౌసులో సమావేశం. టీ మా హోటల్ నుంచే తెప్పించాలని తీర్మానించారు. ఫ్లాస్కు పట్టుకుని నదీమ్ ఆటోలో వెళ్ళాను. గేటు ముందు మోరీ కాలువ మీద స్లాబు కూలిపోయి ఉంది. దాని మీద ఒక రేకు పరిచారు. నా ముందే ఒక కారు లోపలికి పోయింది. రేకు టంగుమని మోగింది. కారు బరువుకు ఒక అంచు కొంచెం లేచి పడింది. నీలం రంగు.

గేటు దగ్గర విజిల్ మెడలో వేసుకుని బాలరాజ్ నిలబడి ఉన్నాడు. కంపెనీ పోయాక అక్కడ సెక్యూరిటీగా చేరాడు. టోపీ అతని తలకు పెద్దది.

“బాలరాజ్, గిది నా బోర్డు.”

అతను నా వైపు చూడలేదు. “ఎరికే నర్సన్నా. నేనే ఏసిన.”

“నువ్వా?”

“మోరీ మీద ఏదన్న రేకెయ్యమన్నరు సార్లు. జైపాలన్న పోరగాళ్ళు తెచ్చి పడేసిర్రు. చూస్తే అక్క పేరు. పేరు కిందికి పెట్టి ఏసిన. టైర్లు పేరు మీదికెల్లి పోవద్దని.”

“కింద మోరీ ఉంది.”

“ఉంది” అన్నాడు.

ఫ్లాస్కు కింద పెట్టి అంచు పట్టుకున్నాను. వంగిపోయింది గానీ గట్టి రేకు. ఫజలుద్దీన్ అప్పట్లో మంచి రేకే తెచ్చాడు.

“తియ్యకే అన్నా. కారు మోరీల దిగవడ్డదంటే నన్నే అంటరు. ఈ నౌకరి గుడ పోతది. ఇంద్రజకు డిగ్రీల ఇది ఆఖరి సాలు.” అతని గొంతు తగ్గింది. “ఎన్నో దినాలుండది అన్నా. స్లాబు పోస్తరట. టెంపరరీగనే ఏసిర్రు.”

ఆ మాట అన్నాక అతనికీ వినిపించింది. నాకూ వినిపించింది. ఇద్దరం నవ్వలేదు. వెనక నుంచి ఇంకో కారు హారన్ కొట్టింది. నేను అంచు వదిలేసి పక్కకు జరిగాను. బాలరాజ్ సెల్యూట్ కొట్టి గేటు తీశాడు. రేకు మోగింది.

లోపలికి వెళ్ళి టీలు పోశాను. సూర్యప్రకాశరావు గారు నన్ను ముందుకు పిలిచి సభకు చూపించారు. సమితి సాధించిన విజయాల్లో మొదటిది బాలరాజ్‌ది అనీ, రెండోది నాది అనీ చెప్పారు. చప్పట్లు కొట్టారు. అంతలో బయట మళ్ళీ మోగింది. ఆయన చికాకుపడి ఆగారు.

“గేటు దగ్గర ఆ చప్పుడేమిటి నర్సన్న గారూ? కారు వచ్చినప్పుడల్లా మోగుతోంది. మాట వినపడటం లేదు.”

చెప్పవచ్చు. చెబితే రేకు తీయిస్తారు. ఎవరు వేశారని అడుగుతారు.

“టెంపరరీ సార్” అన్నాను. గ్లాసులు తీసుకుని వచ్చేశాను.

ఇప్పుడు మా హోటల్‌లో రూములున్నాయి. మంచాలున్నాయి. సమితి లెక్కలో దాని అర్థం పూర్తిగా సరిపోయింది. పేరు లేదు. మ్యాప్‌లో ఐదు నక్షత్రాలు అలాగే ఉన్నాయి.

బాలరాజ్ అసలు పేరు బాలరాజ్ కాదు. ఆ కాలనీ పేరు కూడా అది కాదు. జైపాల్ పేరు మార్చాను గానీ మార్చకపోయినా నష్టం లేదు, మీ వార్డులో కూడా ఒకడు ఉంటాడు. ముత్యమ్మ పేరు మాత్రం అదే.

మీరూ ఆ కాలనీకి వచ్చే ఉంటారు, ఫ్లాటు చూడటానికో, చుట్టాల గృహప్రవేశానికో. గేటు దగ్గర బండి కింద ఏదో టంగుమని మోగి ఉంటుంది. టైరుకు ఏమైనా అయిందేమోనని వంగి చూసుకుని, కాలేదని లోపలికి పోయి ఉంటారు. స్లాబు ఇంకా పోయలేదు.

చదివి జాలిపడి ఎవరూ నా దగ్గరికి రావద్దు. వస్తే టీ తాగండి, పోండి. బోర్డు గురించి అడగవద్దు. ఆ సంగతి నేను ఇక ఎవరితోనూ, ఎప్పుడూ మాట్లాడను.